వేడి పోయే దారి

"ముందుగాల గా నల్లటిది కనపడకుండ మూపియ్యి. ఇంత నోరు దెరుసుకొని కూసున్నది" అన్నాడు మహేష్, తాగేసిన చాయ్ కప్పు భార్య మనోరమ చేతికిస్తూ.

నల్లటిదంటే వేడిగాలి బయటికొచ్చే సందు. హాల్లో గోడకు కొత్తగా బిగించిన కరెంటు ఫైర్‌ప్లేస్‌కు పైభాగంలో ఉంది. శామీర్‌పేట చెరువు మీదుగా వచ్చే చలిగాలికి అమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయని కొన్నట్టు అందరికీ చెప్పుకున్నాడు. గండిమైసమ్మ దగ్గర తనతో కలిసి ప్లాట్ల వ్యాపారం చేసే స్నేహితుడి ఇంట్లో అలాంటిది చూసొచ్చిన తర్వాతే అతనికి తల్లి మోకాళ్లు గుర్తొచ్చాయని మనోరమకు తెలుసు.

ఉత్త యంత్రమైతే గోడకు తగిలించిన టీవీలా ఉందని, చుట్టూ చెక్క చట్రం చేయించమన్నాడు. అటూ ఇటూ రెండు స్తంభాలు, పైన బొమ్మలు పెట్టుకునేందుకు వెడల్పాటి పలక. కొలతలు మనోరమే తీసింది. బొమ్మ గీసింది. మేడ్చల్ పోయి టేకు ఎంచింది. కాలేజీకి సెలవు పెట్టి వడ్రంగి కుర్మయ్య పక్కన నిలబడింది. సందు ముందు ఏదీ అడ్డం ఉండకూడదని యంత్రంతో పాటు వచ్చిన కాగితాల్లో రాసుంది. ఆమె అలాగే గీసింది కూడా. తీరా చట్రం నిలబెట్టాక మహేష్ వచ్చి, సందుకు అడ్డంగా ఒక చెక్క పట్టీ కొట్టమన్నాడు.

"గట్ల మూస్తే వేడి లోపల్నే తిరుగుతది. చెక్క కాలుతది" అంది మనోరమ.

"నువ్వేమన్న ఇంజనీరువా? ల్యాబుల పిల్లగాండ్లకు వైర్లు అందిచ్చేదానివి."

కుర్మయ్య ఆమె వంక ఒకసారి చూశాడు. "సారు జెప్పినంక ఇగ ఏమున్నది మేడమ్" అని మేకులు అందుకున్నాడు.

కండ్లకోయ కాలేజీలో ఆమె పనిచేసేది ఎలక్ట్రికల్ ల్యాబులోనే. ఎక్కడైనా తీగ వేడెక్కితే అందరికన్నా ముందు ఆ వాసన పట్టేది ఆమే. అయినా బయటివాళ్లు ఎవరైనా వస్తే "మనోరమగారూ, టీలు చెప్పండి" అనడమే తప్ప, మీరేమంటారని పెద్దసారు ఏనాడూ అడగలేదు. ఇంట్లో సరేసరి. "మా ఆమెకు అన్నిటికీ భయమే" అని మహేష్ నలుగురిలో నవ్వుతూ చెప్తాడు. గ్యాస్ కట్టేశామా, బోరు మోటారు ఆపామా, అత్తమ్మ బీపీ గోళీ వేసుకుందా, గేటుకు గొళ్లెం పడిందా అని ఆమె తలలో ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. అదంతా తన పిరికితనమేనని ఆమే నమ్ముతూ వచ్చింది. ఆ భయాన్ని ఆమె ఒక్కతే మోస్తోంది కాబట్టే మిగతావాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం మహేష్ తన వ్యాపారం స్నేహితులను భోజనానికి పిలిచాడు. ముసురు పట్టి బయట చలిగా ఉంది. ఫైర్‌ప్లేస్ వేశారు. అద్దం వెనక ఉత్తుత్తి మంటలు లేచాయి. అత్తమ్మ బుచ్చవ్వను దాని పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు.

"మస్తుగ జేపిచ్చినవన్నా!" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు.

"ఊకెనే అయితదా? దగ్గరుండి జేపిచ్చిన" అన్నాడు మహేష్.

మనోరమ బగారన్నం వడ్డిస్తూ, అటు వెళ్లినప్పుడల్లా పట్టీ మీద అరచెయ్యి ఆనించి చూస్తోంది. మొదట గోరువెచ్చగా ఉంది. తర్వాత చెయ్యి పెట్టి ఉంచలేకపోయింది. "సలి వెడుతాందా వదినా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఇంతలో పాలిష్ మాడుతున్న వాసన తగిలింది. ఇంకెవరూ పట్టించుకోవడం లేదు. కూర అడుగంటిందేమో, తనదే భ్రమేమో అనుకుంది. అత్తమ్మ శాలువా కప్పుకుని, తల స్తంభానికి ఆనించి కునుకు తీస్తోంది.

భర్త చెవి దగ్గర వంగి, "వాసనొస్తాంది. బంద్ చెయ్యి" అంది.

"నలుగుట్ల ఇజ్జత్ తియ్యకు. లోపలికి పో."

ఆమె వెళ్లింది. వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడింది. ఏమీ కాకపోతే జీవితాంతం ఈ కథ చెప్పి నవ్వుతారు. ఏమన్నా అయితే? అత్తమ్మ తల ఆ చెక్కకే ఆనుకుని ఉంది.

స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్లీ హాల్లోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా స్విచ్చి ఆపేసింది. "లేవుండ్రి అత్తమ్మా" అని బుచ్చవ్వ చంకల కింద చేతులేసి లేపి, సోఫాలో కూర్చోబెట్టింది.

"ఏంది గిది?" మహేష్ గొంతు లేచింది.

ఆమె పట్టీ కిందికి స్క్రూడ్రైవర్ దూర్చి గట్టిగా ఎత్తింది. మేకులు కీచుమన్నాయి. పట్టీ ఊడి నేల మీద పడింది. లోపలివైపు బొగ్గులా నల్లబడి ఉంది. దాని అంచు నుంచి సన్నటి పొగ లేచింది. అన్నం తింటున్న చేతులు ఆగిపోయాయి.

"నా మోకాళ్లకని తెచ్చి నా నెత్తి కాలవెడ్తివిగదరా" అంది బుచ్చవ్వ.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, మహేష్ చాలాసేపు ఆ నల్లటి పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పయిందంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"మరి ముందుగాల్నే గట్టిగ జెప్పొద్దా?" అన్నాడు.

మనోరమకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా తన గొంతులోనే లోపముందని వెతుక్కున్న మనిషికి, లోపం అక్కడ లేదని ఒక్కసారిగా తెలిసొచ్చింది.

"చెప్పిన. నువ్వు ఇనలే."

"సరే తియ్యి. కుర్మయ్యకు ఫోన్ జేసి, నువ్వు గీసినట్టే చెయ్యమని చెప్త."

"వద్దు" అంది ఆమె. తన ఫోన్ తీసి, అతని ఎదుటే నంబరు నొక్కింది.

"కుర్మయ్యా, రేపు పొద్దుగాల రా. ఏం జెయ్యాల్నో నేను జెప్త. సారును అడిగేదేం లేదు."