పలచని బంగారం

సాయంత్రం గంగమ్మకు పసుపు, గాజులు సమర్పించి కనకరత్నం సముద్రంలో మునిగింది. ఇంటికి వచ్చి చూసుకుంటే తెగిన పసుపుతాడు రవికలో చిక్కుకుని ఉంది. పుస్తెలు రెండూ లేవు. మర్నాడు మధ్యాహ్నం భర్త గవర్రాజుకు గుండె ఆపరేషన్. బోసి మెడతో అతని ముందు ఎలా నిలబడాలో ఆమెకు తోచలేదు.

తెల్లవారగానే పినతల్లి కొడుకు కన్నబాబు మెటల్ డిటెక్టరు పట్టుకుని ఫిషింగ్ హార్బర్ పక్కన, ఆమె మునిగినచోట ఇసుకలోకి దిగాడు. సెలవురోజుల్లో జనం పారేసుకున్న ఉంగరాలు, నాణేలు వెతకడం అతనికి సరదా.

"ఇనుమైతే బొంగురుగా అరుత్తాదప్పా. రాగి, యెండి అయితే సన్నగా, గట్టిగా పలుకుతాది. సిగరెట్టు రేకుల గోల పడలేక ఆ సద్దు ఆపీసినాను," అన్నాడు అక్కతో.

రెండు మేకులు, ఒక ఇత్తడి బొత్తం దొరికాయి. పోటు మొదలై అలలు దగ్గరికి వస్తున్నాయి.

"రేకులంటే ఏటిరా?" అని అడిగింది కనకరత్నం.

"అల్యూమినియం. పలసగా ఉంటాది."

ఆమె బోసి మెడ తడుముకుంది. "నా పుస్తెలూ రేకేరా. లోపల లక్క పోసి పైన బంగారం తొడిగినారు."

కన్నబాబు చెయ్యి ఆగిపోయింది. "గట్టి బంగారమనుకున్నాను. ముందే సెప్పొద్దా?"

"మన ఇళ్లల్లో గట్టి బంగారం ఎవలకున్నాదిరా? నువ్వడిగినావేటి?"

అతను తలవంచుకుని, రేకులకీ మోగేలా మీట తిప్పాడు. మిషన్ అడుగడుగునా మోగసాగింది. మోగిన ప్రతిచోటా ఆమె మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది. గుట్కా ప్యాకెట్లు, మాత్రల రేకులు. మళ్లీ మోగకుండా వాటిని కొంగులో మూటగట్టుకుంది. తడి ఇసుక అంచున మిషన్ చిన్నగా పలికితే, గుప్పెడు ఇసుక తీసి వేళ్ల సందుల్లోంచి జార్చింది. అరచేతిలో పుస్తె మిగిలింది.

"పుట్టింటిదా, అత్తోరిదా?"

"ఏదైతేనేటి," అంది.

ఫోన్ మోగింది. కొడుకు రోహిత్. "అమ్మా, ఆపరేషన్ ముందుకి జరిపారు. నాన్నని కాసేపట్లో లోపలికి తీసుకెళ్లిపోతారంట."

అల వెనక్కి వెళ్లినచోట మిషన్ మళ్లీ పలికింది. కన్నబాబు నీళ్లలోకి దిగాడు. "ఉండప్పా. అదే అయ్యుంటాది. రెండోది నేకుండా ఎలాగ?"

కనకరత్నం ఆ నీళ్ల వైపు చూసింది. వెంట తెచ్చుకున్న కొత్త తాడుకు ఆ ఒక్క పుస్తె గుచ్చి, మెడలో ముడివేసి, గట్టిగా లాగి చూసుకుంది.

"నువ్వు ఎతుకు. ఆయన నన్ను సూసి ఎల్లాల," అంటూ ఆటో కోసం రోడ్డువైపు నడిచింది.