బొట్టు లేని పెట్టె

నేను ఒక భోషాణాన్ని. కాదు, భోషాణం వేషం వేసుకున్న జంతువును. సరుకులోని లోపం ముందే చెప్పుకుంటే తర్వాత మాట పడనక్కర్లేదు. వీడియో గేముల్లో నాలాంటివాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఏదో దొరుకుతుందని ఆశపడి ఆడేవాళ్ళు మూత ఎత్తుతారు, మేం కరుస్తాం. అదే మా బతుకుతెరువు.

నన్ను పుట్టించింది కాకినాడలో, ఒక బట్టల కొట్టు మీది రెండు గదుల్లో. అక్కడ అలివేణి బొమ్మలు గీసేది, ఖాదర్ వాటికి కదలిక నేర్పేవాడు. కోటలో దారి తప్పిన వంటమనిషి గండాలు దాటి బయటపడటం వాళ్ళు తయారుచేస్తున్న ఆట. దెబ్బలు తగిలి ఓపిక తగ్గినప్పుడు ఆమె భోషాణం తెరవాలి. లోపల బెల్లం అచ్చు ఉంటుంది. అది తింటే ప్రాణం లేచి వస్తుంది.

బెల్లమిచ్చే ఆ నిజం పెట్టెను గీయడానికి అలివేణికి ఎనిమిది రోజులు పట్టింది. వాళ్ళ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, అక్కడి భోషాణం ముందు కూర్చుని, ఇత్తడి పువ్వులన్నీ చూసి చూసి దించింది. నాకు ఒక్క పూట చాలింది. దాని బొమ్మకే నకలు తీసి, మూత కింద పళ్ళు పెట్టి, నాలుక అతికించింది. ఇద్దరినీ కోటలో ఒకే గదిలో పక్కపక్కన నిలబెట్టారు. ఒకే కలప, ఒకే ఇత్తడి, ఒకే బజారు. పక్క కొట్టు కళకళలాడుతుంటే ఈగలు తోలుకునేవాడికే తెలుస్తుంది నా మంట.

ఆట విడుదలకు ముందురోజు తెలిసినవాళ్ళను పిలిచి ఆడించారు. పద్దెనిమిది మంది వచ్చారు. పద్దెనిమిది మందీ తిన్నగా దాని దగ్గరికే పోయారు. వంగి, రెండు చేతులతో మూత ఎత్తి, బెల్లం తీసుకుని గెంతులేశారు. నా వైపు చూసినవాడు లేడు. నాకు బోణీ కాలేదు.

"అక్కా, దీన్ని చూసి ఎవడూ మోసపోట్లేదు. రేపు పొద్దున్నే ఆట వదలాలి. ఇవాళ దీని సంగతి తేలకపోతే తీసిపారేస్తా" అన్నాడు ఖాదర్.

మనుషుల సామాన్లకు పాతిక ఏళ్ళు వాడాక కూడా పాత సామాన్ల కొట్టు ఉంటుంది. మాకు అదీ లేదు. ఒక మీట నొక్కితే అసలు పుట్టనట్టే.

మధ్యాహ్నం అలివేణి పెద్దమ్మ సత్తెమ్మగారు క్యారేజీ పట్టుకొచ్చింది. ఆవిడనూ కూర్చోబెట్టి ఆడించారు. ఆవిడా దాని దగ్గరికే పోయింది.

"ఆ రెండోది ఎందుకు తెరవలేదండీ?" అన్నాడు ఖాదర్.

"బొట్టు లేని భోషాణాన్ని ఎవరు ముట్టుకుంటారు బాబూ? ఎవరిదో, ఏవిటో!"

అప్పుడు చూసుకున్నారు. అలివేణి నిజం పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి గీసింది. నకలు తీశాక నా ముఖం మీది బొట్టును చెరిపేసింది. చెరిపినట్టు ఆమెకే గుర్తులేదు. చేతికి ఉన్న అలవాటు చేయించిన పని అది.

"ఇంతేనా! దీనికీ ఒకటి పెట్టెయ్ అక్కా."

"నా వల్ల కాదు ఖాదరూ. జనాన్ని కరిచేదానికి కుంకం పెట్టమంటావా?"

"పోనీ, దానికున్నది తీసెయ్."

సత్తెమ్మగారు క్యారేజీ గిన్నె ధన్‌మని కింద పెట్టింది. "నిక్షేపంలాంటి బొట్టు చెరిపేత్తారా? ఉసురు తగుల్తాది!"

"అది బొమ్మ పెద్దమ్మా."

"బొమ్మైతే మరి దీనికి పెట్టడానికి నీకేం నొప్పే?"

ఖాదర్ వేలు మీట మీదికి వెళ్ళింది. పోయేది నా ప్రాణం. వాళ్ళ బెంగంతా దాని బొట్టు గురించి.

"ఆగు బాబూ" అంది సత్తెమ్మగారు. "దీనికి కోరలున్నాయా?"

"పద్నాలుగు ఉన్నాయండి."

"కోరలున్న అమ్మోరికి ఏటేటా బొట్టు పెట్టేది ఎవరే అలివేణీ? మనవేగా? కోపమొత్తాదనే కదా ఇంకాత్త పెద్దది పెడతాం!"

అలివేణి ఫక్కున నవ్వింది. నాకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. దాని బొట్టుకన్నా గోరంత పెద్దది! నా జన్మలో నేను దానికన్నా పైన ఉన్నది ఆ ఒక్క నిమిషమే. ఖాదర్ చూసి, "కొలత ఒకటే ఉండాలక్కా, పట్టేస్తారు" అని తగ్గించేశాడు. ఆడిన ప్రతిసారీ మా ఇద్దరి చోట్లు తారుమారయ్యేలా కూడా చేశాడు.

సత్తెమ్మగారు మళ్ళీ ఆడింది. ఈసారి నా దగ్గరికే వచ్చింది. వంగింది, రెండు చేతులూ నా మూత మీద వేసింది. ఆ చేతుల కోసమే కదా నేను ఇంతకాలం ఏడ్చింది! తీరా వచ్చాక, ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? కరిచాను.

"అమ్మమ్మమ్మ! నీ మూతి కాల, కరిసేసిందే!"

ఖాదర్ చప్పట్లు కొట్టాడు. నా చోటు ఖాయమైంది.

వంటమనిషి మళ్ళీ బతికి వచ్చింది. సత్తెమ్మగారికి ఇప్పుడు ఏ పెట్టె మీదా నమ్మకం లేదు. నిజం పెట్టె ముందు నిలబడి, "దీని వాలకం కూడా బాలేదు" అంటూ వంటమనిషి చేతిలోని ఇనప గరిటెతో ఒక్కటి వేసింది. నాకు ఎంత హాయిగా ఉందో! నా ధర పెరగకపోతేనేం, దాని ధర పడింది. బజారులో అదీ లాభమే.

ఇత్తడి పువ్వు సొట్టపోయినా అది మూత తెరిచి బెల్లం ఇచ్చింది.

"అయ్యో తల్లీ, ఉత్తపుణ్యాన కొట్టేశానే నిన్ను" అంటూ సత్తెమ్మగారు తెర మీద చేయి వేసి దాన్ని నిమిరింది.

ఆట విడుదలై మూడేళ్ళు గడిచాయి. వేలమందిని కరిచాను. నేనేమోనన్న భయంతో అందరూ దాన్ని ముందు ఒక దెబ్బ కొడతారు, తర్వాత నొచ్చుకుంటారు. కొందరు పైకే క్షమించమంటారు. ఇదివరకు దానికి బెల్లం తీసుకునేవాళ్ళే ఉండేవారు. ఇప్పుడు దాని కోసం బాధపడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను దానికి సంపాదించిపెట్టింది నేనే.

నన్నూ రోజూ కొడతారు. కొట్టి, చచ్చానో లేదో చూసుకుని, ముందుకు పోతారు.