అత్తగారి ఒంట్లో ఇసుక

ఏటా వానలకు ముందు, రైలు పట్టాల మీదికి దిగే కొండవాగులకు ప్రమాదాన్ని బట్టి మార్కులు వేయడం కోడలి ఉద్యోగం. వాగు ఎంత వాలుగా ఉంది, అడుగున రాళ్లు ఎంత వదులుగా ఉన్నాయి, పట్టాల కింది తూము ఎంత పూడింది, ఇవన్నీ చూడాలి. వాగంటే నీళ్లొక్కటే కాదు మరి. వాన గట్టిగా పట్టిందంటే మట్టీ రాళ్లూ కలిసి ముద్దగా దిగుతాయి. ఆ ముద్ద ముందు రైలెంత!

ఇంట్లో అత్తగారు మంచం దిగి చాన్నాళ్లయింది. కొండమీద వాగు పూడినకొద్దీ ఆవిడ ఒంట్లో ఇసుక చేరేది. మొదట మోకాళ్లు, తర్వాత నడుము.

"పెద్దావిడకు ఎందాకా వచ్చింది?" అని పక్కింటావిడ పలకరించేది.

"ఛాతీ దాకా."

"అయ్యో, మెత్తటి పరుపు వేయండి."

"నన్ను కాస్త అటు తిప్పవే అమ్మాయీ," అనేది అత్తగారు. కోడలూ, రైలు డ్రైవరైన కొడుకూ చెరోవైపు పట్టినా కదిలేది కాదు. కిటికీలోంచి ఆవిడకు కనబడేది ఆ కొండ ఒక్కటే.

ఈసారి తనిఖీకి వెళ్లిన కోడలు వాగు పక్క హద్దురాయి దగ్గర ఆగింది. "పైన మట్టి పేరుకున్నట్టుంది సార్. ఎక్కి చూద్దామా?"

"రాయి దాటితే రైల్వే స్థలం కాదమ్మా," అన్నాడు వెంట వచ్చిన ఇంజినీరు. "మన మార్కులు మన స్థలానికే."

రాయికి ఇవతల వాగు, బడికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లాడిలా బుద్ధిగా ఉంది. ప్రమాదం తక్కువ అని రాసి కోడలు సంతకం పెట్టింది.

వానలు మొదలయ్యాయి. పొద్దుట్నుంచీ కురుస్తున్న ఓ సాయంత్రం వంటింట్లో గిన్నె చప్పుడైంది. వెళ్లి చూస్తే అత్తగారు! పొయ్యి ముందు నిలబడి టీ కాస్తోంది.

"మొత్తం దిగిపోయిందే! ఒళ్లు దూదిపింజలా ఉంది."

ఇక్కడ దిగిందంటే అక్కడ కదిలిందన్నమాట. భర్త నడిపే పాసింజరు ఆ తూము మీదుగానే రావాలి. కోడలు స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"రైలు ఆపండి మాస్టారూ! వాగు దిగుతోంది."

"ప్రమాదం తక్కువని నువ్వే రాశావు కదమ్మా! ఊరికే ఆపితే నా మెడకు చుట్టుకుంటుంది."

"తప్పు రాశాను. మా అత్తయ్య లేచి నడుస్తోంది."

అవతల ఇంకో ప్రశ్న లేదు. "ఎర్రదీపం వేసేశా," అన్నాడు స్టేషన్ మాస్టరు.

కాసేపటికి కిటికీ అద్దాలు వణికాయి. తూమూ పట్టాలూ బురద కిందికి పోయాయి. భర్త ఫోన్ చేశాడు. "స్టేషన్లో ఇరుక్కుపోయాం. ఎప్పటికొస్తానో తెలీదు. అమ్మేం చేస్తోంది?"

అత్తగారు వాకిట్లో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతోంది, వానలోనే.

"లోపలికి రండత్తయ్యా, జలుబు చేస్తుంది."

"ఉండవే తల్లీ. మళ్లీ నిండేలోగా కాసేపు నడవనీ."