సుందరరావు నీడ

మధ్యాహ్నం అన్నాల వేళకు మిరప కోతకొచ్చిన ఆడవాళ్లంతా సుందరరావు నీడలోకి చేరేవాళ్లు. ఆయన పోయి రెండేళ్లు. మనిషిని సమాధుల తోటకు మోసుకెళ్లారు గానీ నీడ చేలోనే ఉండిపోయింది. రెంటచింతల ఎండల్లో నీడ దొరికితే చాలు, ఎవరిదని ఎవరడుగుతారు? క్యారేజీలు విప్పుకుని తినేవాళ్లు.

పెళ్లీ పిల్లలూ లేని సుందరరావు ఆ చేనుని దేవమ్మకు రాశాడు. దాంట్లో కూలి చేస్తూ వయసంతా ధారపోసిందీ, ఆయన మంచాన పడ్డాక గంజి తాగించిందీ ఆమే. వీలునామా అమలు చేసే బాధ్యత పక్కింటి ప్రిస్కిల్లాకు అప్పగించాడు. దున్నేవాళ్లదే భూమి అని కాలేజీ గేటు ముందు గొంతు చించుకున్న పిల్ల కదా అని.

ప్రొబేటంటే ఏందో ప్రిస్కిల్లాకు నరసరావుపేట లాయరు రామబ్రహ్మం చెప్పాడు. వీలునామా నిజమైందేనని కోర్టు చేత ముద్ర వేయించాలి, పోయినాయన ఆస్తంతా లెక్క రాసి కోర్టుకివ్వాలి, అప్పులుంటే తీర్చాలి, మిగిలింది హక్కున్నోళ్లకు చేర్చాలి. ఆ లెక్కలో ప్రిస్కిల్లా సుందరరావు నీడని కూడా రాసింది. కోర్టు గుమాస్తా స్థిరాస్తా చరాస్తా అని అడిగి, కదులుద్ది కాబట్టి చరాస్తి కింద ఎక్కించాడు.

కోర్టు ముద్ర పడ్డాక, సుందరరావుకు మిగిలిన ఒకే వారసుడు, పోయిన తమ్ముడి కొడుకు సుధీర్ బాబు చేను తనదేనని అడ్డం తిరిగాడు. రామబ్రహ్మం మళ్లీ కాగితం చూసి కళ్లజోడు తీశాడు.

"ఈ సాక్షి వేలిముద్ర దేవమ్మదా?"

"ఆమెదే. ఇంట్లో ప్రార్థన అయ్యాక పాస్టరుగారూ, ఆమే ఉన్నారు. ఉన్నోళ్ల చేత వేయించాడు."

"సాక్షికి రాసిన ఆస్తి చెల్లదమ్మా. మీరు హిందువులైతే చెల్లేది. ఇప్పుడు చేను సుధీర్ బాబుది. నీ చేత్తోనే అప్పజెప్పాలి."

ప్రిస్కిల్లా ఆ కాగితం పట్టుకునే చేలోకెళ్లి విషయం చెప్పలేక చెప్పింది. దేవమ్మ కోత ఆపలేదు. "నా వేలే నా నోట్లో మట్టి కొట్టిందా?" అంది.

అప్పగింత రోజున సుధీర్ బాబు దాచేపల్లి నుంచి బండి మీదొచ్చి గట్లు చూసుకున్నాడు. నీడ కూడా కాగితంలో ఉందిగా, అదీ ఇప్పించమన్నాడు. ప్రిస్కిల్లా సంతకం పెట్టి, తీసుకోమంది. దేవమ్మ తువ్వాలు దులుపుకుని ఇంటిదారి పట్టింది. నీడ లేచి, పొద్దుకు ఎదురుగా, ఆమె వెనకే వెళ్లింది. కోతకొచ్చినోళ్లు క్యారేజీలు పట్టుకుని నీడ వెనక నడిచారు.

ఆ తర్వాత ఎంత కూలిస్తానన్నా ఆ చేలోకి ఎవరూ దిగలేదు. పండిన మిరప చెట్టు మీదే ఎండింది. సుధీర్ బాబు తనే కోతకు దిగాడు.

అరచేతులు మంటలెత్తి, మెడ కమిలి, ఒక మిట్టమధ్యాహ్నం అతను దేవమ్మ వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక నీడ అంచున ఆగాడు.

"అత్తా," అన్నాడు. ఎన్నడూ అట్టా పిలవలేదు.

దేవమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

"కూకో. చేను ఎప్పుడు రాసిస్తావో అది చెప్పు."