లింబాద్రిని ఫెయిలు చేసిన అద్దాన్ని నేనే

నేను ఒక అద్దాన్ని. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, కింద మూలన ఒక చిన్న బీట. బీట సంగతి అడక్కండి, అది నా తప్పు కాదు. నన్ను అమ్మినవాడు ‘అసలు సిసలు బెల్జియం అద్దం’ అని ఒట్టేసి మరీ చెప్పాడు. నేను బెల్జియం మొహం ఎరగను. ఎక్కడో ఉత్తరాదిన, ఇసుక కరిగించే కొలిమిలో పుట్టాను. ఉత్త గాజు పలకగా ఉన్నన్నాళ్లూ జనం నాలోంచి అవతలివాళ్లను చూసేవారు. వీపున ఇంత పూత పూశారో లేదో, నా ముందుకొచ్చిన ప్రతివాడూ తననే చూసుకోవడం మొదలుపెట్టాడు. ముక్కున వేలేసుకుందామంటే నాకు ముక్కూ లేదు, వేలూ లేదు.

నా మొదటి కొలువు నిజామాబాదులో ఒక చీరల దుకాణం. పట్టుచీర భుజాన వేసుకున్న ఆడవాళ్లు నన్ను చూసేవారు, వెనక నిలబడ్డ మగవాళ్లు చీటీ మీద ధర చూసేవారు. ఆ రెండు ముఖాలూ ఒకేసారి చూసే భాగ్యం పదకొండేళ్లు నాకొక్కదానికే దక్కింది. తర్వాత దుకాణాన్ని ఏసీ షోరూము చేస్తామని నన్ను గోడ మీంచి పీకారు. పీకినవాడు బీడీ నోట్లో పెట్టుకుని ఒంటి చేత్తో పట్టుకున్నాడు. మూలన బీట అలా వచ్చింది. చూశారా, అడక్కండంటూనే నేనే చెప్పేశాను.

బీట పడ్డదాన్ని గనక నాలుగు వందలకే నన్ను కొనుక్కున్నాడు లింబాద్రి. ఆర్మూరు బస్టాండు ఎదురు సందులో అతనిది ఒక్క కుర్చీ సెలూను. అతని చేతివాటం నేను చెప్పాలి గానీ మరొకరు చెప్పలేరు. కత్తెర పట్టుకుంటే వేళ్లు కనిపించేవి కావు. మాట మాత్రం మెత్తన. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆ మర్నాడే తండ్రి చేతి కత్తెర అందుకున్నాడట. ఆ మాట కుర్చీలో కూర్చున్న గిరాకీలకు తనే నవ్వుతూ చెప్పేవాడు. నవ్వేటప్పుడు అతని కళ్లు నవ్వేవి కావు, అది నాకే తెలుసు.

నలభై ఆరో ఏట అతని కుడి భుజం మొరాయించింది. పొద్దుటినుంచీ సాయంత్రందాకా చెయ్యి ఎత్తి పట్టుకునే పని మరి. గెడ్డం సగంలో ఆగి, పళ్లు బిగబట్టి, గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు, కూర్చుని చేసే పని చూసుకోకపోతే ఏడాది తిరిగేసరికి ఆ చెయ్యి తలదాకా లేవదని. కత్తెర తప్ప మరోటి ఎరగని మనిషికి కూర్చుని చేసే పని ఎవరిస్తారు? ఆ వారమంతా అతని మొహం చూడలేక చచ్చాను. చూడకుండా ఉండే వీలు నాకు లేదు గదా.

అప్పుడొచ్చాడు పోశెట్టి. డెబ్బై ఏళ్ల మనిషి, ఊళ్లో క్షవరం పనివాళ్ల పొదుపు సంఘానికి అధ్యక్షుడు, వరసకు లింబాద్రికి మేనమామ.

“అల్లుడా, సంఘం లెక్కలు రాసేటాయన దసరకు దిగిపోతున్నడు. నూటపన్నెండు మంది మెంబర్లున్నం, మనోళ్లల్ల ఒక్కడు గూడ లెక్కలు రాసేటోడు లేడంటే నాకు సిగ్గయితుంది. అకౌంటింగు కోర్సు ఫోన్లనే చెప్తరంట. సర్టిఫికెట్ తెచ్చుకో, నౌకరి నీదే. తేకపోతే నిజామాబాద్‌కెల్లి మనిషిని తెచ్చుకునుడే, నేనేం చెయ్యలేను.”

“మామా, నేను పది ఫెయిలైనోన్ని. అది గూడ లెక్కలల్లనే.”

“అందుకే నిన్ను అడుగుతున్న. లెక్కల మీద నీకు పగ ఉండాలె.”

కోర్సు ఎనిమిది వారాలు. వారానికో చిన్న పరీక్ష. ఎనిమిదింట్లో కనీసం నాలుగు గట్టెక్కితేనే చివరి పెద్ద పరీక్షకు కూర్చోనిస్తారు. ఫోనులో ఒక మేడం చక్కటి తెలుగులో పాఠం చెప్పేది. తెల్లబోర్డు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి, “డెబిట్ ఈ పక్క, క్రెడిట్ ఆ పక్క” అంటూ అంకెలు వేసేది. ప్రతి లావాదేవీ రెండు చోట్ల పడాలట, ఒకటి ఈ పక్కన, ఒకటి ఆ పక్కన. లింబాద్రి పనిచేస్తూనే వినేవాడు. గిరాకీ లేచి వెళ్లగానే నోటుబుక్కు తీసి, చూసింది చూసినట్టు రాసుకునేవాడు.

ఇక నా పాపం విప్పుతాను. సెలూనులో ప్లగ్గు ఉన్నది ఒకే ఒక్కచోట, నాకెదురుగా ఉన్న వెనక గోడకు. లింబాద్రి ఫోను ముసలిది, తీగ తగిలించకపోతే పావుగంటలో కళ్లు మూసేది. అందుకని దాన్ని వెనక గోడ మీది తువ్వాళ్ల చెక్క మీద నిలబెట్టాడు. మరి తల కత్తిరించేవాడు చూపు ఎటు నిలుపుతాడు? నా వైపే. పాఠమంతా నాలోనే చూశాడు. అక్షరాలు తిరగబడి ఉంటాయి గానీ, అంత దూరానికి అవి ఎలాగూ ఆనేవి కావు. అతను చూసింది ఆ రెండు గీతలనూ, మేడం చెయ్యి ఏ పక్కకు పోతోందో దాన్నీ.

ఇందులో అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నవాడి ఎడమ చెవి నాలో ఎడమ పక్కనే కనిపిస్తుంది. వెనక నిలబడ్డ లింబాద్రికీ అది ఎడమ చేతివైపే. ఇన్నేళ్లలో నేను అతనికి ఒక్క చెవి తప్పు చూపించలేదు. కానీ వెనక గోడనుంచి నావైపు చూస్తున్న ఫోను సంగతి వేరు. దాని ఎడమ నాలో కుడి అవుతుంది. మేడం డెబిట్లన్నీ లింబాద్రి బుక్కులో అవతలి పక్కకు చేరాయి.

మొదటి పరీక్షలో ఇరవైకి మూడు. రెండోదాంట్లో రెండు. తమాషా ఏమిటంటే, బుక్కులో అతను వేసిన లెక్క ప్రతిసారీ రెండు పక్కలా పైసాతో సహా సరిపోయేది. సరిపోదూ మరి! మొత్తం లెక్కంతా కలిసి తిరగబడితే మొత్తాలకేం లోటు?

“రెండు దిక్కుల సరిపోయినంక తప్పేడుంటది?” అని లింబాద్రి మళ్లీ మళ్లీ కూడేవాడు. తల మర్దన కోసం వచ్చిన ఒకాయన, ఆ మేడం కావాలనే ఫెయిలు చేస్తోందని తేల్చేశాడు. నాకు రెండో వారంలోనే విషయం తెలిసిపోయింది. అరిచి చెబుదామంటే నోరు లేదు. నా గాజంతా పగిలి కిందపడితే అన్నా అతను వెనక్కి తిరిగి చూస్తాడేమో అనుకున్నాను. అదీ నా చేతుల్లో లేదు.

నాలుగో పరీక్ష కూడా పోయింది. ఇక మిగిలింది నాలుగు, నాలుగూ గట్టెక్కాలి. లింబాద్రి పోశెట్టికి ఫోను చేశాడు.

“మామా, నాతోని కాదు. నిజామాబాదాయననే తెచ్చుకో.”

అవతల పోశెట్టి ఏమన్నాడో గానీ, ఇతను ఫోను పెట్టేసి, గిరాకీ లేని కుర్చీ వెనక నిలబడి చాలాసేపు భుజం పిసుక్కున్నాడు. ఆ రోజు నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం గంగామణి వచ్చింది. లింబాద్రి ఇల్లాలు, బీడీలు చుడుతుంది. ఒక చేతిలో సద్దిగిన్నె, ఇంకో చేతిలో తునికాకు, తంబాకు ఉన్న చాట. మొగుడు తినేదాకా కూర్చుని నాలుగు బీడీలు చుడదామని గోడవార బల్ల మీద చేరింది. కుర్చీలో ఒక గిరాకీ ఉన్నాడు, తల సగం అయింది. ఫోనులో పాఠం నడుస్తోంది. వద్దనుకుంటూనే మళ్లీ పెట్టుకున్నాడు పిచ్చి మారాజు. మధ్యలో కత్తెర ఆపి, బుక్కులో ఒక అంకె వేశాడు.

గంగామణి చేతిలో బీడీ ఆగింది. “ఇగో, ఆమె ఎడమ దిక్కు రాస్తుంటే నువ్వు కుడి దిక్కు రాస్తవేంది?”

“కుడి దిక్కే రాస్తుంది గదనే. ఇగో, జూడు” అని నాలోకి వేలు చూపించాడు లింబాద్రి.

“అద్దంల గాదు. ఎనుకకు తిరిగి ఫోన్ల జూడు.”

లింబాద్రి తిరిగాడు. ఫోను చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. కత్తెర పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. గంగామణి మొదట బెదిరింది, సంగతి అర్థమయ్యాక చాట పక్కన పెట్టి తనూ అందుకుంది.

“ఓ లింబాద్రీ, నా సగం తలకాయ సంగతేంది?” అన్నాడు కుర్చీలో ఉన్నాయన.

లింబాద్రి లేచి వచ్చి తువ్వాలుతో నన్ను ఫెడీమని ఒక్కటి వేశాడు. “నా కొంప ముంచింది నువ్వానే!” నాకు దెబ్బ తగల్లేదు. తగిలినా పడేదాన్నే, అంత సంతోషంగా ఉంది.

మా సెలూనుకు మంగళవారం సెలవు. ఆ మంగళవారం అతను లోపల కూర్చుని బుక్కు మొత్తం మొదటి పేజీనుంచీ తిరగరాశాడు. ఆ తర్వాత చూడాలి మనిషిని! ఐదో పరీక్షలో పదిహేడు. ఆరోదాంట్లో పద్దెనిమిది. ఏడో వారం ఆస్తులు, వాటి తరుగుదల. సాధన కోసం సెలూనునే లెక్కలోకి ఎక్కించాడు. బ్లేడ్లు ఖర్చు, కుర్చీ ఆస్తి, ఫ్యాను ఆస్తి. నా దగ్గరికొచ్చి, కొన్న ఏడాది లెక్కగట్టి, బీట వైపు ఒకసారి చూసి ‘అద్దం, తొంభై రూపాయలు’ అని రాశాడు. నా ఒళ్లు మండిపోయింది. అయినా సరైన పక్కన రాశాడు గదా అని ఊరుకున్నాను. ఏడులో పందొమ్మిది, ఎనిమిదిలో ఇరవైకి ఇరవై.

పెద్ద పరీక్షకూ మంగళవారమే దొరికింది. షట్టరు సగం దించి, గంగామణిని బయట మెట్టు మీద కాపలా పెట్టాడు. కుర్చీని వెనక గోడవైపు తిప్పుకుని ఫోనుకు ఎదురుగా కూర్చున్నాడు. ఈ పరీక్షకు ఫోను కెమెరా మనిషిని కనిపెట్టి ఉంటుందట. పక్కన ఎవరైనా ఉన్నట్టు తోస్తే హెచ్చరిక, మూడో హెచ్చరికకు పరీక్ష రద్దు.

మొదటి ప్రశ్నకు జవాబు నొక్కాడో లేదో, ఫోను టింగుమంది. లింబాద్రి పైకి చదివాడు. “గదిలో మరో వ్యక్తి ఉన్నారు. మొదటి హెచ్చరిక.”

“గంగామణీ, జెర దూరం జరుగు! నువ్వు కనబడుతున్నవంట!”

“నేనేడ కనబడుతున్ననయ్యా, షట్టరవతల ఉంటే?” అంటూనే ఆమె సందు చివరికి నడిచింది.

రెండో ప్రశ్న దగ్గర మళ్లీ టింగు. రెండో హెచ్చరిక. లింబాద్రి మెడ మీద చెమట ధారకట్టింది. ఆ మెడ నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడు తట్టింది నాకు. దేవుడా, ఆ రెండోవాడు నాలోనే ఉన్నాడు! ముందు లింబాద్రి మొహం, వెనక నాలో లింబాద్రి వెనక తల. ఎనిమిది వారాల్లో సగం నేనే తిన్నాను, ఇప్పుడు చివరి ముద్ద కూడా నేనే లాక్కునేలా ఉన్నాను.

లింబాద్రి చటుక్కున నావైపు తిరిగాడు. ఈసారి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. “ఆ రెండోటోన్ని నేనే!” అని, గిరాకీలకు కప్పే తెల్ల బట్టలు రెండు లాగి, పై మేకులకు తగిలించి నన్ను నిలువునా కప్పేశాడు.

ఇక నాకు లోకం లేదు. చెవులే దిక్కు. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ కిర్రుమంటోంది. మూడో టింగు వస్తుందేమోనని ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాను. రాలేదు. పెన్సిలు గీతలు, మధ్యమధ్య “ఇది ఖర్చు... కాదు కాదు, ఆస్తి” అనే గొణుగుడు. బయట ఎవడో గెడ్డానికి వచ్చినట్టున్నాడు. “మంగళారం మంగళారమే, రేపు రా పో!” అని గంగామణి వాణ్ని సందు దాటించింది. రెండు గంటలు అలా గడిచాయి. ఫ్యాను ఒక్కటే మిగిలింది. పెన్సిలు చప్పుడు లేదు, కుర్చీ చప్పుడు లేదు.

షట్టరు పైకి లేచింది. “ఏమాయె?” అంది గంగామణి. ఆమె చెప్పుల చప్పుడు కుర్చీదాకా వచ్చింది. “ఏమాయె అంటే చెప్పవేంది?”

“నూటికి ఎనభై ఆరు” అన్నాడు లింబాద్రి.

గంగామణి పెట్టిన కేకకు పక్క చాయ్ హోటలు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమె వచ్చి ఆ తెల్ల బట్టలు నా మీంచి లాగేసింది. “దీనికి గూడ కనబడనీ!” వెలుతురులోకి వచ్చి చూశాను. నలభై ఆరేళ్ల మగవాడు ఫోను గుండెకు హత్తుకుని పిల్లవాడిలా ఏడుస్తున్నాడు, ఈసారి కళ్లు కూడా నవ్వుతున్నాయి.

దసరా ముందు సర్వసభ్య సమావేశంలో సర్టిఫికెట్ చదివి వినిపిస్తే చప్పట్లు ఆగలేదట. నేను వెళ్లలేదు, వచ్చినవాళ్లంతా నా ముందే చెప్పుకున్నారు. సెలూనును పక్క ఊరు పెర్కిట్ నుంచి వచ్చే ఒక పనివాడికి కిరాయికిచ్చారు. సామాన్ల జాబితాలో నా పేరు రాయబోతే లింబాద్రి అడ్డం పడి, అద్దం మాత్రం తన సొంతమని కాగితం మీద రాయించాడు. తొంభై రూపాయల ఆస్తి కోసం ఆ పట్టుదల ఏమిటో!

కొలువులో చేరబోయే ముందురోజు సాయంత్రం పోశెట్టి వచ్చాడు. సంఘం లెక్కల పుస్తకాలు ఎర్ర గుడ్డలో మూటగట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. “కూసో” అని కుర్చీ చూపించాడు.

“నేనా? నువ్వు కూసో మామా, గెడ్డం చేస్త.”

“రేపటి సంది నువ్వు లెక్కల సారువు. మా నూటపన్నెండు మంది దిక్కుకెల్లి నా చేతితోని తయారుచేసి తోలాలె. కూసో.”

లింబాద్రి కూర్చున్నాడు. పెద్దాయన మెడకు తెల్ల బట్ట కట్టి, నురగ పట్టించి, డెబ్బై ఏళ్ల చేత్తో, వణుకన్నది లేకుండా నున్నగా గీశాడు. గంగామణి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోశెట్టి మొహం తుడిచి, దువ్వెనతో తల సరిచేసి, పక్కకు తప్పుకున్నాడు.

“జూసుకోండి సారూ” అన్నాడు.

ఇన్నేళ్లుగా లింబాద్రి నాలో చూసిందంతా ఎదుటివాళ్ల తలలే. ఇప్పుడు మెల్లగా కళ్లెత్తి తన మొహం చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. నేనూ తొందర పెట్టలేదు.