గెస్టు బటన్

జోగారావు ఇంట్లో టీవీ చూసేవాళ్లు ఇద్దరు. ఒకరు సోఫాలోంచి చూస్తారు, ఒకరు టీవీ లోపలి నుంచి చూస్తారు.

రేటింగుల కంపెనీకి ఇందులో వింతేమీ కనిపించదు. లెక్క తేలకపోవడమే దానికి ఇబ్బంది. అందుకే రాజమండ్రిలో ఉండే తన ఉద్యోగి ప్రసూనను కాకినాడ పంపుతుంది. ఆ రెండో మనిషి ఎవరో సాయంత్రంలోగా తేల్చాలి, లేదా మీటరు ఊడదీసి తేవాలి.

మీటరంటే టీవీ పక్కన ఉండే చిన్న పెట్టె. టీవీ పెట్టగానే దాని ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ అడుగుతుంది: ఎవరు చూస్తున్నారు? ఇంట్లోవాళ్లు ఎవరి బటన్ వాళ్లు నొక్కితే లైటు పచ్చబడుతుంది. చుట్టాలొస్తే గెస్టు బటన్.

జోగారావు పోర్టులో క్రేను నడుపుతాడు. ఒంటరి మనిషి. తలుపు తీసి, పరుగున వెళ్లి పెట్టెకు అడ్డంగా నిలబడతాడు.

“ఊడదీసేస్తారాండి?”

“ముందిది చెప్పండి. ఈ ఇంట్లో ఎవరు చూస్తారు?”

“నన్నాండి? ఎవరూ చూడరండి. జ్వరంతో మూలుగుతూ జావ కూడా నేనే కాచుకున్నాను.”

“మిమ్మల్ని కాదండీ, టీవీని.”

“అలా అడగండి మరి! ఆ లైటు నన్నే అడుగుతోందనుకున్నానండి, నిన్నెవరు చూస్తున్నారని. రోజూ అడుగుతుంటే ఎవరూ లేరని ఎలా చెప్పను? నామోషీ కదండీ. ఎవరో ఒకరున్నారులే అని గెస్టు బటన్ నొక్కేశాను. ఆయ్, మర్నాటికల్లా టీవీలోకి ఆవిడ వచ్చేసిందండి.”

ప్రసూన సోఫాలో కూర్చుంటుంది. గది సముద్రం వైపు కొంచెం సాగుతుంది. తెర మీద చీరల ప్రకటన. ఆ చీరల వెనక ఒక కుర్చీ, ఖాళీగా.

“ఆవిడ లేదేం?”

“ఇవాళ ఇటొచ్చారు కదండీ,” అంటాడు జోగారావు, ఆమెనే చూపిస్తూ.

ప్రసూనకు అది సబబుగానే తోస్తుంది. నిన్నెవరు చూస్తున్నారని ఆమెను ఇంతవరకూ ఏ పెట్టె కూడా అడగలేదు. ఉద్యోగుల ఇళ్లలో కంపెనీ మీటరు పెట్టదు.

ఒక్కటే చిక్కు. కంపెనీ మనిషి గెస్టుగా చెల్లదు.

ఆమె మెడలోని ఐడీ కార్డు తీసి సోఫా మీద పెడుతుంది. కార్డు లేచి ఆమె చెప్పులు వేసుకుంటుంది. “గెస్టు నిజమేనండి, మీటరు ఉంచేస్తున్నా,” అని ఆఫీసుకు ఫోన్ చేసి మెట్లు దిగుతుంది. గొంతు ప్రసూనదే.

జోగారావు గెస్టు బటన్ నొక్కుతాడు. లైటు పచ్చబడుతుంది. టీవీ అద్దం అవతల, ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, అతను జావ తాగుతుంటే ప్రసూన చూస్తుంది.

“ఉప్పు సరిపోయిందా?” అని అడుగుతుంది.

సరిగ్గా అప్పుడే మళ్లీ ప్రకటనలొస్తాయి. అతనికి వినిపించదు.

కార్డు రాజమండ్రి బస్సెక్కుతుంది. కండక్టరు టికెట్ కొడతాడు. ప్రసూన ఇంటి మెట్ల దగ్గర పక్కింటామె, “ఏమ్మా, చిక్కిపోయావేంటి?” అంటుంది. కార్డు నవ్వి తాళం తీస్తుంది. అన్నం వండుకుని, తిని, కంచం కడుక్కుని, ఆపేసి ఉన్న టీవీకి ఎదురుగా మంచం మీద వెల్లకిలా పడుకుంటుంది.

కార్డు మీది ఫొటోలో కళ్లు ఎర్రగా మిణుకుమిణుకుమంటాయి. నొక్కడానికి దాని మీద ఎక్కడా బటన్ లేదు.