కోడలి కాలేయం

"బయటెక్కడో వెతకడమెందుకు? ఇంట్లో రాయిలా ఉన్న మనిషి హేసుకే కదా," అంది అత్తగారు, చారులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. హేసుక్ తమ చేపల కొట్టు వెనక గదిలో కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచి పొట్టలు తీస్తోంది. మామగారి కాలేయం తాగి తాగి పాడైపోయింది, బతకాలంటే ఇంట్లోవాళ్ళెవరైనా తమ కాలేయంలో కొంత కోసి ఇవ్వాలన్నారు బుసాన్ ఆసుపత్రిలో. పెద్దకొడుకు తేగిల్, అంటే హేసుక్ మొగుడు, తాగుడుతో తన కాలేయానికి కొవ్వు పట్టించుకున్నాడు. చిన్నకొడుకు లారీ దిగితే ఇల్లు గడవదు. చిన్నకోడలు మిరాన్ గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఇక మిగిలింది పెద్దకోడలు. "నువ్వేమంటావ్, బోరా వాళ్ళమ్మా?" అని తేగిల్ అడిగాడు గానీ, ఫోనులోంచి తలెత్తలేదు. జవాబు కోసం ఆగనూ లేదు.

నిజం చెప్పాలంటే ఆమెకి ఇవ్వాలనే ఉంది. బోరా పుట్టినప్పుడు, ఆడపిల్లని అత్తగారు మొహం తిప్పుకుంటే, ఆ తాగుబోతు మామగారే సముద్రపు నాచు కొనుక్కొచ్చి, చేతకాకపోయినా బాలింతకి చారు కాచాడు. ఉప్పుకషాయంలా ఉన్న ఆ గిన్నె ఆమె ముందు పెట్టి "తిను తల్లీ, పాలు పడతాయి" అన్నాడు. ఆ ఇంట్లో ఆమెకి ఒకరు వండిపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. అందుకే ఆసుపత్రిలో దాతల సంగతి చూసే నర్సు ఆమెనొక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపేసి, "మీకిష్టం లేకపోతే నాతో చెప్పండి. మీ కాలేయం సరిపడలేదని ఇంట్లోవాళ్ళకి మేమే చెప్తాం, అసలు కారణం బయటికి రాదు" అన్నప్పుడు హేసుక్‌కి నవ్వొచ్చింది. ఆ గది సంగతి చేపలబజారులో ఆడవాళ్ళందరికీ తెలుసు. అందులోకి వెళ్ళి 'సరిపడకుండా' బయటపడ్డ కోడళ్ళ కథలు వాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు. "నాకు ఇష్టమేనండీ," అంది హేసుక్. అప్పటికే బజారు సంఘంవాళ్ళు 'మామకు ప్రాణం పోసిన కోడలు' అని బ్యానరు కూడా రాయిస్తున్నారు.

రక్తపరీక్షలో ఏదో తేడా వచ్చింది. పక్కటెముకల మీద ఓ గొట్టం ఆనించి కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచారు. చివరికి సూదితో చిన్న ముక్క తీసి చూశారు. డాక్టరు తేగిల్‌నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఫైబ్రోసిస్. కాలేయమంతా మచ్చలు కట్టింది, నాలుగు దశల్లో మూడోది, నాలుగోదంటే మామగారి స్థితే. "నేను చుక్క ముట్టనండీ," అంది హేసుక్, తప్పు చేసినదానిలా. "మీ తప్పు కాదమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే మీ కాలేయాన్ని శత్రువనుకుని కొడుతోంది. నీరసం, కీళ్ళనొప్పులు ఏళ్ళ తరబడి ఉండుండాలే, ఎవరికీ చూపించుకోలేదా?" అన్నాడు డాక్టరు. ఎవరికి చూపించాలి? తెల్లవారుజామున మంచం దిగలేకపోతే "నీదంతా ఒళ్ళుబరువు" అనేవాడు తేగిల్. "మేం ఇద్దర్ని కని మర్నాడే చేపలబుట్టలు మోశాం" అనేది అత్తగారు. నిజంగానే బద్ధకమేమోనని ఆమే నమ్మేసింది, ఆ నమ్మకంతోనే ఇంకో బుట్ట ఎక్కువ మోసింది. స్టెరాయిడు మాత్రలు మొదలుపెడదాం, ఆపకుండా వాడితే మచ్చలు కొంత వెనక్కి కూడా తగ్గుతాయి అంటున్నాడు డాక్టరు. తేగిల్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే డాక్టరుగారూ, మందులు వాడితే ఈవిడది ఎన్నాళ్ళకి పనికొస్తుంది?"

డాక్టరు రిపోర్టు మూసి అతనివైపు తిరిగాడు. "ఈమెది ఈమెకే చాలడం లేదు. మీరు తాగుడు పూర్తిగా మానేసి బరువు తగ్గితే, మూడు నెలల తర్వాత మీది మళ్ళీ చూద్దాం. అది పనికొచ్చే అవకాశం ఉంది." కారెక్కాక తేగిల్ ఒకటే మాటన్నాడు, ఆ మూడు నెలల సంగతి ఇంట్లో ఎత్తొద్దని. ఆమె రోగం గురించి ఏమీ అనలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. "ఆ గదిలోకి వెళ్ళొచ్చినప్పుడే అనుకున్నా," అంది అత్తగారు. రిపోర్టు తెచ్చి ముందు పెడితే, "రాసేది వాళ్ళేగా, ఏం కావాలంటే అది రాస్తారు" అని పక్కకి తోసేసింది. మిరాన్ వంటింట్లోకొచ్చి చెవిలో, "అక్కా, వాళ్ళకేం చెప్పావో నాకూ చెప్పవా, రేపు నన్ను పిలిస్తే పనికొస్తుంది" అంది. హేసుక్‌కి ఒళ్ళు మండిపోయింది. అలిసిపోయానంటే నటన అన్నారు, ఇప్పుడు కాలేయంలోంచి ముక్క తీసి చూసి చెప్పినా నటనే. పైగా ఆ స్టెరాయిడ్లకి మొహం ఉబ్బి బుగ్గలు నున్నగా తేలాయి. "రోగిష్టిదాని నిగారింపు చూడండమ్మా," అని బజారంతా నవ్వింది. జబ్బుపడ్డాను బాబూ అని ఇల్లిల్లూ తిరిగి ఒట్టేసి చెప్పాలా? కొన్నాళ్ళు అదీ చేసింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మాత్రలు చూపించి, పరీక్షలన్నీ విడమరిచి చెప్పి, చెప్పేకొద్దీ ఇంకా నంగనాచిలా కనపడింది. మామగారి పొట్టలో నీరు పెరుగుతోంది. ఆసుపత్రి మంచం మీద ఆయన మాత్రం, "నీకెలా ఉంది తల్లీ, మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగాడు. నమ్మినవాడు ఆయనొక్కడే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తేగిల్ సోజు సారా సీసా సగం ఖాళీ చేశాడు. "ఒక్కటి నిజం చెప్పు. నీ కాలేయం బాగానే ఉండుంటే మా నాన్నకి ఇచ్చేదానివేనా?"

ఇచ్చేది. కళ్ళు మూసుకుని ఇచ్చేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంతమందికి ఇన్నాళ్ళు రుజువులు చూపించి ఏం బావుకుంది? ఈ ఒక్క నిజం వీళ్ళకి చెప్పబుద్ధి కాలేదు.

"ఇచ్చేదాన్ని కాదు," అంది.

"విన్నావుగా? నే చెప్పలా?" అంది అత్తగారు కొడుకుతో. హేసుక్ మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత గుండె తేలిగ్గా ఉంది.

"రేపు కొట్టుకి రాను. బుసాన్ వెళ్తున్నా," అంది. "మీ కొడుకు మూడు నెలలు తాగకుండా ఉంటే ఆయన కాలేయమే పనికి రావచ్చని డాక్టరన్న మాట మామయ్యగారికి చెప్పొస్తాను."